తీగ మీద వెళ్ళిన పాల లెక్క

పాల సంఘపు సభ్యులకు కంప్యూటరు తీగలతో పనేమిటని కొందరు అడుగవచ్చును. పాలు పోసే రైతుకు కావలసింది సరైన కొలత, సరైన వెన్న శాతం, పదిహేను రోజులకొకసారి చేతికి వచ్చే సొమ్ము. మిగతాది కార్యదర్శి చూసుకుంటాడనుకోవడం సహజమే. అయితే ఈనాడు చాలా సంఘాలలో మీ పాల తూకము, వెన్న శాతము మీ చీటీ మీద అచ్చు పడేలోగా ఒక సన్నని తీగ గుండా ప్రయాణం చేసి వస్తున్నాయి. పరీక్ష యంత్రం వెనుక తొమ్మిది పిన్నుల ప్లగ్గుతో ఒక తీగ కనిపిస్తుంది, చూడండి. దానినే సీరియల్ కేబుల్ అంటారు.

గత నెల ఒక సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు అక్కడి కార్యదర్శి, "సార్, టెస్టరు మీద అంకె బాగానే చూపిస్తోంది. కంప్యూటరులో మాత్రం పిచ్చి గీతలు వస్తున్నాయి. యంత్రం చెడిపోయిందని రైతులు గొడవ చేస్తున్నారు" అన్నాడు. యంత్రం చెడిపోలేదు. కంప్యూటరు మార్చినప్పుడు తీగకు సంబంధించిన ఒక ఏర్పాటు తప్పింది, అంతే. పది నిమిషాలలో సరిచేశాము. ఆ పది నిమిషాల పనిని నేను నేర్చుకొన్నది మాత్రం 1994లో, ఒక పెద్ద చిక్కులో పడి. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివినవాణ్ణే గాని ఇంజనీరును కాను. నాకు అర్థమైన మేరకు, మన లెక్కల భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

గట్టు మీద ఒకరి వెనుక ఒకరు

కంప్యూటరు లోపల ప్రతి అక్షరము, ప్రతి అంకె ఎనిమిది గుర్తులుగా ఉంటుంది. ఒక్కొక్క గుర్తు సున్న గాని ఒకటి గాని. ఆ గుర్తును బిట్ అని, ఎనిమిదింటిని కలిపి బైట్ అని అంటారు. ఎనిమిది బిట్లను ఒకేసారి పంపవలెనంటే ఎనిమిది తీగలు కావాలి. సీరియల్ పద్ధతిలో అన్నింటికీ ఒకే తీగ. వరి చేని గట్టు మీద మనుషులు నడిచినట్లు ఒకరి వెనుక ఒకరుగా వెళ్తాయి.

అవతలివాడికి మొదటి బిట్ ఎక్కడ మొదలైందో తెలియాలి గదా. అందుకని ముందు ఒక "మొదలు" బిట్, చివర ఒక "ముగింపు" బిట్ చేరుస్తారు. అనగా ఒక అక్షరానికి తీగ మీద పది బిట్లు. సెకనుకు 9600 బిట్లు పోయే వేగంలో సెకనుకు 960 అక్షరాలు వెళ్తాయి. ఆనాటి 360 కిలోబైట్ల ఫ్లాపీ నిండా ఉన్న లెక్కను ఈ వేగంతో పంపడానికి ఆరున్నర నిమిషాలు పడుతుంది. సెకనుకు 1200 బిట్ల వేగంలో అయితే యాభై నిమిషాలు దాటుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కొక్క బిట్ ఎంతసేపు ఉంటుందో చెప్పే తీగ వేరే ఏదీ లేదు. ఇరువైపులవారు వేగాన్ని ముందుగానే అనుకొని ఉండాలి. ఒకరు 9600 అనుకొని పంపి, మరొకరు 2400 అనుకొని వింటే అందేదంతా పిచ్చి గీతలే. పైన చెప్పిన కార్యదర్శి సంఘంలో జరిగింది ఇదే. పాత కంప్యూటరులో ఉన్న వేగాన్ని కొత్త దానిలో ఎవరూ పెట్టలేదు.

తీగ మీది విద్యుత్తుకు, పిన్నులకు ఒక కట్టడి ఉంది. దాని పేరు ఆర్.ఎస్.232. అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం దానిని 1960లో తెచ్చింది. తరువాత అందరూ వాడినది 1969 నాటి "సి" రూపం. మైనస్ 3 నుండి 15 వోల్టుల వరకు ఉంటే ఒకటి, ప్లస్ 3 నుండి 15 వరకు ఉంటే సున్న. తీగ పొడవు యాభై అడుగులకు, అనగా పదిహేను మీటర్లకు మించరాదని ఆ కట్టడిలో ఉండేది. పరీక్ష యంత్రం ఒక గదిలోను, కంప్యూటరు వాకిలి అవతలి గదిలోను పెట్టి, మధ్యలో మోటారు తీగల పక్కగా ఈ తీగను లాగిన సంఘాలను నేను చూశాను. ఆ మోటారు ఆడినప్పుడల్లా అంకెలు తడబడుతుంటే తప్పు టెస్టరుదని అనకూడదు.

ఇద్దరూ మాట్లాడేవారే అయితే

ఆర్.ఎస్.232 పుట్టినప్పుడు చిన్న కంప్యూటర్లు లేవు. టెలిప్రింటరును, టెర్మినలును మోడెమ్‌కు కలపడానికి ఏర్పడిన కట్టడి అది. మోడెమ్ అనగా కంప్యూటరు మాటను టెలిఫోను లైనుకు తగినట్లు మార్చే పెట్టె. కాబట్టి ఒక వైపు యంత్రం 2వ పిన్ను మీద మాట్లాడితే, రెండో వైపు మోడెమ్ అదే 2వ పిన్ను మీద వింటుంది. తీగ తిన్నగా వేస్తే చాలు.

1977 తరువాత ఇళ్ళలోకి, దుకాణాలలోకి చిన్న కంప్యూటర్లు వచ్చాయి. ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు 1981 ఆగస్టులో వచ్చింది. ఒక కంపెనీ యంత్రం వ్రాసిన ఫ్లాపీని మరొక కంపెనీ యంత్రం చదవలేకపోయేది. ఫ్లాపీ కొలత అదే అయిదుంబావు అంగుళాలు, కాని ఆపిల్ వ్రాసినది ఐ.బి.ఎం.కు పనికిరాదు. సి.పి.ఎం. పద్ధతిలో నడిచే యంత్రాలలోనే ఒక్కొక్కరి వ్రాత ఒక్కొక్క తీరు. అన్నింటిలోను దాదాపుగా ఉండే ద్వారం సీరియల్ ద్వారం ఒక్కటే. లేకపోతే ఒక కార్డు కొని పెట్టుకొనేవారు. అందుచేత ఒక యంత్రంలోని ఫైలును మరొక యంత్రంలోకి చేర్చాలంటే రెండింటికీ మధ్య తీగ వేయడమే దారి అయింది.

అయితే రెండూ కంప్యూటర్లే. రెండూ ఒకే పిన్ను మీద మాట్లాడుతాయి, ఒకే పిన్ను మీద వింటాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని ఒకరి నోటికి ఒకరు నోరు పెట్టినట్లు. కాబట్టి తీగలో 2, 3 పిన్నులను అడ్డంగా మార్చి కలపాలి. ఇవతలివాడి మాట అవతలివాడి చెవిలో పడేటట్లు. మధ్యలో మోడెమ్ లేకుండానే ఉన్నట్లు నమ్మించే తీగ గనుక దీనికి నల్ మోడెమ్ తీగ అని పేరు.

ఇక్కడే చాలామంది మునిగిపోయారు. మొదటి ఐ.బి.ఎం. యంత్రాలకు 25 పిన్నుల ద్వారం. 1984లో వచ్చిన ఏ.టి. యంత్రంతో 9 పిన్నుల ద్వారం వచ్చింది. 25 పిన్నుల దానిలో 2వది మాట్లాడేది, 3వది వినేది. 9 పిన్నుల దానిలో ఇది తారుమారు, 2వది వినేది, 3వది మాట్లాడేది. రెండూ 9 పిన్నులవైతే అడ్డంగా మార్చాలి. ఒకటి 9, మరొకటి 25 అయితే మార్చకుండా 2కు 2, 3కు 3 తిన్నగా కలపాలి, ఎందుకంటే మార్పు ద్వారాలలోనే జరిగిపోయింది. భూమి తీగ మాత్రం ఇవతల 5, అవతల 7. ఈ లెక్క ఎరుగక, "నల్ మోడెమ్ అంటే అడ్డంగా మార్చాలి" అని పుస్తకంలో చదివినట్లు మార్చి, తీగ పని చేయడం లేదని రోజంతా తల పట్టుకొన్నవారిని నేను ఎరుగుదును. వారిలో నేనూ ఒకణ్ణి.

1994లో జరిగింది

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. ఒక జిల్లా పాల యూనియన్ కార్యాలయంలో పాత పి.సి. ఎక్స్.టి. యంత్రం ఒకటి ఉండేది. ఊరు పేరు ఇప్పుడు అవసరం లేదు. అన్ని సంఘాల సభ్యుల పేర్లు, ఏడాదిలో ఒక్కొక్కరు పోసిన పాలు, రావలసిన ధర వ్యత్యాసం, అనగా మనం బోనస్ అని పిలిచేది, అంతా దానిలోనే. పేర్లు తెలుగులో ఉండేవి. పుణేలోని సి-డాక్ వారి జిస్ట్ కార్డు అందులో పెట్టారు. ఆ యంత్రం ఫ్లాపీ డ్రైవు అరిగిపోయింది. కొత్తగా కొన్న యంత్రానికి చిన్న ఫ్లాపీ, మూడున్నర అంగుళాలది. దీనిది దానిలో పట్టదు. సంక్రాంతి లోపల బోనస్ పంచాలి. లెక్కను తీగ మీద పంపవచ్చునని యంత్రం అమ్మిన దుకాణం నుండి ఒక కుర్రవాడు వచ్చాడు.

అతడు డాస్‌లోని మామూలు ఆజ్ఞలతోనే పని కానిచ్చాడు. ఇవతల మోడ్ ఆజ్ఞతో వేగం చెప్పి, కాపీ ఆజ్ఞతో ఫైలును సీరియల్ ద్వారానికి పంపడం. అవతల ద్వారం నుండి కాపీ ఆజ్ఞతోనే డిస్కులోకి తీసుకోవడం. మొదటిసారి అంకెలన్నీ వచ్చాయి గాని పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా మారాయి. దీని కారణం తరువాత తెలిసింది. వేగం ఒక్కటే చెప్పి ఊరుకొంటే డాస్ తనంతట తాను ఏడు బిట్ల పద్ధతిని, సరి పారిటీని తీసుకొంటుంది. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు ఏడు బిట్లు చాలు. మన భారతీయ లిపుల సంకేతమైన ఇస్కీలో తెలుగు అక్షరాలన్నీ ఎనిమిదో బిట్ వాడుకొంటాయి. ఆ సంకేతాన్ని 1991లో ఐ.ఎస్. 13194 అనే ప్రమాణంగా ప్రకటించారు. తీగ మీద ఎనిమిదో బిట్ రాలిపోతే "క" అనేది 3 అంకెగా మారిపోతుంది. "గ" అయిదు, "చ" ఎనిమిది. "కమల" అని పంపితే అవతల అందేది మూడు, ఎల్, క్యూ. పాలు పోసే కమలమ్మ పేరులో మూడు లీటర్లు ఎక్కడివని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

ఈ తప్పు కంటికి కనిపించింది గనుక మేలైంది. కుర్రవాడు ఎవరినో అడిగి ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అని ఏర్పాటు మార్చి మళ్ళీ పంపాడు. ఈసారి పేర్లన్నీ చక్కగా తెలుగులో వచ్చాయి. అందరూ సంతోషించారు. అంకెలను ఎవరూ కూడలేదు.

తరువాత బోనస్ జాబితా అచ్చు వేసినప్పుడు చాలా సంఘాలలో మొత్తం పాలు తక్కువ వచ్చాయి. శీతల కేంద్రం రశీదులలో ఎక్కువ, సభ్యుల జాబితాలో తక్కువ. కార్యాలయం ఏమనుకొన్నదంటే, కార్యదర్శులు సభ్యుల పేర వ్రాయకుండా పాలు సొంతానికి వ్రాసుకొన్నారని. సంజాయిషీ ఇవ్వవలసినదిగా ఉత్తరాలు వెళ్ళాయి. అందులో ఒక సంఘానికి విచారణకు నన్ను పంపారు.

ఆ కార్యదర్శి పెద్దమనిషి. ఇరవై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్నాడు. ఉత్తరం చేతిలో పెట్టుకొని అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నేను వెళ్ళగానే లేచి రిజిస్టర్లన్నీ నా ముందు పెట్టి, "సార్, వీటిలో ఒక్క కొట్టివేత చూపించండి. నేను సంతకం పెట్టి దిగిపోతాను" అన్నాడు. ఆ పూట వాళ్ళ ఇంట కాఫీ ఇచ్చారు గాని ఎవరూ నాతో మాట్లాడలేదు. ఊళ్ళో అప్పటికే మాట పాకింది.

నేను రిజిస్టరు ప్రకారం కూడాను. శీతల కేంద్రం రశీదులతో సరిపోయింది. ట్రక్ షీట్లతోనూ సరిపోయింది. జాబితాలోనే ఆరుగురు సభ్యులు లేరు. పైగా ఒక వరుసలో పేరు ఒకామెది, లీటర్లు మరొకరివి. ఎవరైనా దొంగ లెక్క వ్రాస్తే ఇలా వ్రాయరు. నా వద్ద ఉన్న మిగతా సంఘాల జాబితా కాగితాలు కూడా వరుసగా పరిచి చూశాను. తప్పులు ఏ ఊరినీ పట్టి లేవు. ఇంచుమించు సమాన దూరంలో, కొన్ని పేజీలకొకసారి వస్తున్నాయి. అది మనిషి చేసిన పని కాదని అప్పుడు అర్థమైంది.

పాలు కింద పోయిన చోటు

ఐ.బి.ఎం. తొలి యంత్రాల సీరియల్ ద్వారంలో ఉండే చిప్‌కు, 8250 అని దాని అంకె, అందిన అక్షరాన్ని నిలువ ఉంచుకోవడానికి ఒక్క అక్షరం పట్టే చోటు మాత్రమే ఉంటుంది. తరువాతి అక్షరం వచ్చేలోగా కంప్యూటరు దానిని తీసుకోవాలి. తీసుకోకపోతే కొత్తది పాతదాని మీద పడుతుంది. పాతది పోయినట్లే. తరువాత వచ్చిన 16550ఏ చిప్‌లో పదహారు అక్షరాల చోటు ఇచ్చారు. మా కొత్త యంత్రంలో ఉన్నది పాత రకమే.

కాపీ ఆజ్ఞ ఏం చేస్తుందంటే, అందినవాటిని కొంతవరకు జ్ఞాపకంలో కూడబెట్టి, నిండగానే డిస్కుకు వ్రాస్తుంది. వ్రాస్తున్నంతసేపు తీగ వైపు చూడదు. పంపేవాడు ఆగడు, ఆగమని చెప్పేవారు లేరు. 9600 వేగంలో అర సెకను డిస్కు వ్రాస్తే 480 అక్షరాలు పోతాయి. వరుసకు 80 అక్షరాల చొప్పున ఆరు వరుసలు, ఆరుగురు సభ్యుల ఏడాది పాలు. క్యాను నిండినా చూడకుండా పోస్తూనే ఉంటే పాలు కింద పోవా? అదే జరిగింది. తెగిన చోట ముందు వరుస తలను, వెనుక వరుస తోకను కలిపి ఒకే వరుసగా వ్రాసుకొన్నది. కంప్యూటరు తప్పు జరిగిందని ఒక్క మాట అనలేదు. "1 ఫైలు కాపీ అయినది" అని చెప్పి ఊరుకొంది.

పారిటీ అనే ఏర్పాటు ఉంది గదా అని మీరు అడుగవచ్చు. ప్రతి అక్షరంలోని ఒకట్లు సరి సంఖ్య అయ్యేటట్లు ఇంకొక బిట్ చేర్చడాన్ని పారిటీ అంటారు. ఒక బిట్ తారుమారైతే పట్టుకొంటుంది. రెండు తారుమారైతే పట్టుకోదు. అసలు అక్షరమే రాకపోతే దానికి తెలియనే తెలియదు.

ట్రక్ షీటు పద్ధతి

మనం పాలు పంపేటప్పుడు ఏం చేస్తాము? ప్రతి క్యానుకు నెంబరు. ట్రక్ షీటులో ఎన్ని క్యాన్లు, ఎన్ని లీటర్లు అని వ్రాస్తాము. శీతల కేంద్రంలో కొలిచి, సంతకం పెట్టి, రశీదు తిరిగి పంపుతారు. 7వ క్యాను రాకపోతే ఆ పూటే అడుగుతారు. తీగ మీద ఫైలు పంపడానికి కూడా ఇటువంటి కట్టుబాటు కావాలని కొందరు గ్రహించారు. దానినే ప్రోటోకాల్ అంటారు.

మొదట పేరు పొందినది 1977లో చికాగోకు చెందిన వార్డ్ క్రిస్టెన్‌సెన్ వ్రాసిన ఎక్స్‌మోడెమ్. ఆయన 2024లో మరణించారు. ఫైలును 128 అక్షరాల ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకు నెంబరు, చివర మొత్తం వేసి పంపుతారు. అక్షరాల విలువలన్నీ కూడి 256తో భాగిస్తే మిగిలిన శేషమే ఆ మొత్తం. అందుకొన్నవాడు తానూ కూడి, సరిపోతే "అందింది" అంటాడు, సరిపోకపోతే "మళ్ళీ పంపు" అంటాడు. మాట వచ్చేదాకా పంపేవాడు రెండో ముక్క ఎత్తడు. కాబట్టి డిస్కు వ్రాసుకొనే వ్యవధి కూడా దొరుకుతుంది.

ఈ కూడికలో ఒక లోటు ఉంది. రామయ్య 12 లీటర్లు, వెంకయ్య 21 లీటర్లు పోస్తే, వ్రాసేటప్పుడు తారుమారు చేసినా మొత్తం 33 అనే వస్తుంది. ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది, మొత్తం మాత్రం సరిపోతుంది. దీనిని సరిచేయడానికి తరువాత సి.ఆర్.సి. అనే లెక్క తెచ్చారు. అందులో అంకె ఎంత అన్నదే కాక ఏ స్థానంలో ఉన్నదీ లెక్కలోకి వస్తుంది గనుక ఇటువంటి తారుమారులు దొరికిపోతాయి.

మా పనికి వచ్చినది మరొకటి, కెర్మిట్. 1981లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ కాచింగ్స్ అనే ఇద్దరు తయారు చేశారు. మన రాష్ట్రంలో పాడి సహకార సమాఖ్య ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే. అక్కడి పెద్ద కంప్యూటరులో విద్యార్థులకు చోటు చాలేది కాదు. వారి ఫైళ్ళను తీగ మీద చిన్న కంప్యూటరుకు పంపి, ఫ్లాపీల మీద దాచి ఇవ్వాలన్నది వారి అవసరం. కెర్మిట్ అనేది ఒక తోలుబొమ్మల వంటి ఆటలోని కప్ప పేరు. పెద్ద పెద్ద పేర్లు వెదకకుండా గోడ మీది కాలెండరులోని బొమ్మ పేరు పెట్టుకొన్నారు.

పెద్ద కంప్యూటర్ల లైన్లు చాలా చాదస్తమైనవి. కొన్ని ఏడు బిట్లే పోనిచ్చేవి. కొన్ని గుర్తులను ఆజ్ఞలనుకొని మింగివేసేవి. అందుచేత కెర్మిట్ తన మాటంతా మామూలుగా అచ్చు వేయగల అక్షరాలలోనే చెబుతుంది. ముక్క పొడవు, నెంబరు కూడా అక్షరంగా మార్చి పంపుతుంది. ఆ లెక్క ప్రకారం ముక్క పొడవు 94కు మించదు. ఎనిమిదో బిట్ పోని లైనైతే ఆ అక్షరం ముందు ఒక గుర్తు పెట్టి, ఏడు బిట్లలో పంపి, అవతల మళ్ళీ చేర్చుకొంటుంది. అనగా మన తెలుగు పేర్లు ఏడు బిట్ల తీగ మీద కూడా చెక్కుచెదరకుండా వెళ్తాయి. ప్రతి ముక్కకు "వై" అని వస్తే అందినట్లు, "ఎన్" అని వస్తే మళ్ళీ పంపాలి. నిదానమే, కాని నమ్మదగినది. పైగా ఎవరైనా తీసుకొని, ఇంకొకరికి కాపీ ఇవ్వవచ్చునన్నారు. అందువల్ల వందలాది రకాల యంత్రాలకు కెర్మిట్ వచ్చింది. కొలంబియా వారు 2011లో ఆ విభాగాన్ని మూసివేసినా, ప్రోగ్రాము మాత్రం అందరికీ తెరచి ఇచ్చి వెళ్ళారు.

నాతో హాస్టలులో ఉండి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన మిత్రుడొకడు చిన్న ఫ్లాపీ మీద కెర్మిట్ తెచ్చాడు. కొత్త యంత్రంలోకి ఎక్కింది. పాత దానికి ఎలా? దానికి ఫ్లాపీయే లేదు. కెర్మిట్‌ను తీగ మీద పంపాలంటే ముందు అక్కడ కెర్మిట్ ఉండాలి! దీనికి కూడా ఆ ప్రోగ్రాము వ్రాసినవారు దారి చూపారు. ప్రోగ్రామునంతా సాదా అక్షరాలుగా మార్చిన ఒక రూపం దానితోపాటు ఇచ్చేవారు. పాత యంత్రంలో బేసిక్ భాష ఉంది. మిత్రుడు కూర్చొని ఒక చిన్న ప్రోగ్రాము చేతితో కొట్టాడు. తీగ మీద వచ్చే అక్షరాలను అందుకొని, తిరిగి ప్రోగ్రాముగా మార్చే ప్రోగ్రాము. వేగం బాగా తగ్గించి పంపాము. రెండుసార్లు చెడింది, మూడోసారి నడిచింది. నేను తీగ పిన్నుల దగ్గర చేసిన తప్పు వల్ల పోయిన మధ్యాహ్నం సంగతి పైన చెప్పాను.

ఆ రాత్రి కెర్మిట్‌తో లెక్క మొత్తం మళ్ళీ పంపాము. తెర మీద "మళ్ళీ పంపినవి" అన్న చోట అంకె అప్పుడప్పుడు పెరుగుతూ ఉంది. అనగా తీగ మీద తప్పులు జరుగుతూనే ఉన్నాయి, అది పట్టుకొని సరిచేస్తూనే ఉంది. ముందు రెండుసార్లు కూడా అవే తప్పులు జరిగి ఉంటాయి, అడిగినవారు లేరు. తెల్లవారి జాబితా తీసి కూడితే లీటరు తేడా లేదు. ఆరుగురు సభ్యులూ ఉన్నారు. సంజాయిషీ ఉత్తరాలను ఉపసంహరిస్తూ కార్యాలయం వేరే ఉత్తరాలు వేసింది. ఆ పెద్దమనిషికి ఇవ్వవలసినది నేనే తీసుకొని వెళ్ళాను. చదివి, మడిచి, రిజిస్టరులో పెట్టుకొన్నాడు. ఆ ఏడాది మహాజన సభలో తానే దానిని చదివి వినిపించాడని తరువాత తెలిసింది.

ఈనాటి సంఘాలకు

ఇప్పుడు కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు పంపడానికి ఎవరూ సీరియల్ తీగ వాడడం లేదు. 1993లో డాస్ 6తోనే ఇంటర్‌లింక్ అనే ఏర్పాటు వచ్చి పని సులువైంది. ఆ తరువాత నెట్‌వర్కులు, పెన్ డ్రైవులు వచ్చాయి. కాని పాల పరీక్ష యంత్రాలు, తూకం యంత్రాలు నేటికీ చాలా చోట్ల ఈ తీగ మీదనే మాట్లాడుతున్నాయి. కొత్త కంప్యూటర్లకు ఆ ద్వారం లేదు గనుక మధ్యలో యు.ఎస్.బి. మార్పిడి తీగ పెడుతున్నారు. యంత్రం పుస్తకంలో వేగం, బిట్లు, పారిటీ వ్రాసి ఉంటాయి. ఆ మూడింటిని ఒక కాగితం మీద వ్రాసి యంత్రం పక్కన గోడకు అంటించండి. కంప్యూటరు మార్చినా, బాగుచేయించినా మొదట చూడవలసింది ఆ కాగితం.

చాలా యంత్రాలు అంకెను ఒకసారి పంపి ఊరుకొంటాయి, అందిందా అని అడగవు. కనుక పాలు పోసే సభ్యులు యంత్రం మీద చూపిన అంకెను, చీటీ మీది అంకెను పోల్చి చూసుకొనే అలవాటు చేసుకోవాలి. తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పండి. టెస్టరుతో గొడవ పడకుండా ముందు తీగను చూడమనండి.

పాత కంప్యూటర్లు ఇంకా మూలన పడి ఉన్న సంఘాలు కొన్ని ఉన్నాయి. వాటిలో సభ్యుల పాత లెక్కలు ఉండవచ్చు. అమ్మివేసే ముందు ఆ లెక్కలను వేరొక చోటికి తీయించి, సభ్యుల సంఖ్య, మొత్తం లీటర్లు, మొత్తం చెల్లింపు ఈ మూడింటినీ రెండు చోట్లా కూడి, పాలకవర్గ సమావేశపు మినిట్స్‌లో వ్రాయించాలి. ఈ సంవత్సరం తనిఖీకి వచ్చినప్పుడు ఆ పేజీ చూపమని కార్యదర్శులను అడుగుతాను.